జర్మనీలో దిగాక మొదటి 40 రోజులు: ఏ పని ముందు, ఏ పని తర్వాత

ఏటా మార్చిలోనూ సెప్టెంబరులోనూ నా ఫోనుకు ఒకే రకం మెసేజ్‌లు వస్తాయి. "అన్నా, ఆన్‌మెల్డుంగ్ (అడ్రసు రిజిస్ట్రేషన్) ముందా, బ్యాంకు అకౌంటు ముందా?" "అన్నా, రూము దొరికింది గానీ ఓనరు ఏదో కాగితం ఇవ్వనంటున్నాడు, పర్వాలేదా?" "అన్నా, టీవీ లేదు, అయినా టీవీ ఫీజు కట్టమని ఉత్తరం వచ్చింది, ఫ్రాడా?" ఒక్కొక్కరికీ విడిగా జవాబిచ్చేకంటే అంతా ఒక్కచోట రాసి పెడితే మేలనిపించింది. నేను మాగ్డెబుర్గ్‌లో మాస్టర్స్ చేసి ఇక్కడే ఉద్యోగంలో చేరాను. ఇది ముఖ్యంగా స్టూడెంట్ వీసా మీద వచ్చే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ. ఉద్యోగం మీద వచ్చేవాళ్లకు కూడా ఇల్లు, రిజిస్ట్రేషన్, పోస్టు డబ్బా సంగతులు ఇవే.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. ఇక్కడ పనులన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. అడ్రసు ఉంటేనే రిజిస్ట్రేషన్ అవుతుంది. రిజిస్ట్రేషన్ అయితేనే ట్యాక్స్ నంబరు వస్తుంది, రెసిడెన్స్ పర్మిట్ ఫైలు కదులుతుంది. వాటిలో సగం ఆన్‌లైన్‌లో కాదు, పోస్టులో, కాగితం మీద వస్తాయి. టెన్షన్ పడేవాళ్లలో ఎక్కువమంది వరుస తప్పినవాళ్లో, ఉత్తరం అందనివాళ్లో అయి ఉంటారు.

ఇండియా నుంచి తెచ్చుకోవాల్సినవి

పాస్‌పోర్టు, అడ్మిషన్ లెటరు, ఏపీఎస్ సర్టిఫికెట్ (మన డిగ్రీలు అసలువేనని సరిచూసి ఇచ్చేది), డిగ్రీ మార్కుల మెమోలు, బర్త్ సర్టిఫికెట్, బ్లాక్డ్ అకౌంటు (ఏడాది ఖర్చుల డబ్బు ముందే వేసి ఉంచే అకౌంటు) కన్ఫర్మేషన్, ఇన్సూరెన్స్ కాగితాలు. వీటి ఒరిజినల్స్ అన్నీ హ్యాండ్ బ్యాగులోనే ఉండాలి, చెక్-ఇన్ లగేజీలో పెట్టకండి. పెళ్లయినవాళ్లు మ్యారేజ్ సర్టిఫికెట్ కూడా తెచ్చుకోండి.

చేతిలో కొంత డబ్బు ఉండాలి. బ్లాక్డ్ అకౌంటులో ఏడాదికి 11,904 యూరోలు వేసి ఉంటారు, నెలకు 992 చొప్పున వస్తాయి. కానీ ఇక్కడికొచ్చి, అకౌంటు తెరిచి, దాన్ని యాక్టివేట్ చేసేదాకా అందులోంచి ఒక్క యూరో కూడా రాదు. ఈలోగా ఇంటి డిపాజిట్, మొదటి నెల అద్దె, సెమిస్టర్ ఫీజు మీద పడతాయి. ఫోరెక్స్ కార్డులో కనీసం 1,500 యూరోలు, చేతిలో రెండు మూడు వందల యూరోల నగదు పెట్టుకుని బయలుదేరండి. పెద్ద ఊళ్లకు వెళ్లేవాళ్లకు ఇది కూడా బొటాబొటిగానే సరిపోతుంది.

తినే సామాను గురించి అమ్మలకు ముందే చెప్పాలి. ఈయూ బయటి నుంచి వచ్చేవాళ్లు మాంసం, పాల పదార్థాలు తీసుకురాకూడదు. నాటుకోడి పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. కస్టమ్స్‌లో పట్టుకుంటే పారేస్తారు. పచ్చి కరివేపాకు, మామిడికాయలు కూడా సర్టిఫికెట్ లేకుండా కుదరవు. ఆవకాయ, గోంగూర పచ్చడి, కారప్పొడి, ఎండబెట్టిన కరివేపాకు పొడి, కందిపప్పు నిశ్చింతగా తెచ్చుకోవచ్చు. కుక్కరు కొనేటప్పుడు అడుగు ఇండక్షన్‌కు పనికొచ్చేదేనా అని చూడండి, ఇక్కడ గ్యాస్ పొయ్యిలు తక్కువ. మన మూడు పిన్నుల ప్లగ్గు ఇక్కడి సాకెట్‌లో పట్టదు. రెండు మూడు అడాప్టర్లు, ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు ఉంటే చాలు.

1. పేరు ఒకే రకంగా రాయడం అలవాటు చేసుకోండి

ఇది విమానం ఎక్కకముందే చేయాల్సిన పని. మన ఇంటిపేర్లు, మూడు నాలుగు మాటల పేర్లు ఇక్కడ తెచ్చే చిక్కు అంతా ఇంతా కాదు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ అని ఉన్నదే ఇక్కడ మీ పేరు. ఉత్తరాల మీద, బెల్లు మీద, ఆఫీసులో పిలిచేటప్పుడు ఆ ఇంటిపేరే వాడతారు. యూనివర్సిటీ ఫారంలో "వెంకట సత్యనారాయణ" అని పూర్తిగా రాసి, ఇన్సూరెన్స్ ఫారంలో "సత్య" అని, బ్యాంకులో ఇంటిపేరు వెనకాముందు చేసి రాస్తే, ఆ మూడు సంస్థల కంప్యూటర్లకు మీరు ముగ్గురు మనుషులు.

పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్లు వీలైతే వీసాకు ముందే పాస్‌పోర్టు మార్పించుకోండి. వీసా వచ్చేశాక మార్పిస్తే అన్నీ మళ్లీ మొదటికొస్తాయి కాబట్టి అప్పుడు కదపకండి. ఏ ఫారం నింపినా పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని అందులో ఉన్న స్పెల్లింగే, ఒక్క అక్షరం తేడా లేకుండా దించండి.

2. ఇల్లు: అద్దె కన్నా ముందు ఒక ప్రశ్న అడగండి

అడ్మిషన్ లెటరు చేతికి రాగానే ఆ ఊరి ష్టుడీరెండెన్‌వెర్క్ (స్టూడెంట్ల వసతి చూసే సంస్థ) హాస్టళ్లకు అప్లై చేయండి. వీసా కోసం ఆగితే ఆలస్యమవుతుంది. వెయిటింగ్ లిస్టు నెలల తరబడి ఉంటుంది, కానీ అంతకన్నా చౌకగా, నమ్మకంగా దొరికేది మరోటి లేదు. అది రాకపోతే వేగే, అంటే నలుగురు కలిసి ఉండే ఫ్లాటులో ఒక గది. వేగే-గెజూఖ్ట్ సైటులో వెతుకుతారు అందరూ.

ఓనరుతో మాట్లాడేటప్పుడు మనవాళ్లు మొదట అద్దె ఎంత అని అడుగుతారు. మొదట అడగాల్సింది "ఇస్ట్ డీ ఆన్‌మెల్డుంగ్ మ్యోగ్లిష్?" అని. ఈ అడ్రసు మీద రిజిస్టర్ చేసుకోవచ్చా అని దానర్థం. ఆ ఇంట్లో మీరు ఉంటున్నారని ఓనరు సంతకం చేసి ఇచ్చే కాగితాన్ని వోనుంగ్స్‌గేబర్‌బెస్టేటిగుంగ్ అంటారు. పేరు నోరు తిరగదు గానీ, మీ జర్మనీ జీవితం మొదలయ్యేది ఆ ఒక్క పేజీతోనే. అద్దె అగ్రిమెంటు దానికి బదులు పనికిరాదు. "ఇస్తాంలే" అన్న నోటిమాట వద్దు, మెసేజ్‌లోనో మెయిల్‌లోనో రాయించుకోండి. టూరిస్టులు దిగే హాస్టళ్లలో చాలావీ, రోజువారీ అద్దె గదులూ ఈ కాగితం ఇవ్వవు. అలాంటి చోట వారం రోజులు దిగి ఇల్లు వెతుక్కోవడంలో తప్పు లేదు, కానీ ఆ వారంలోనే అసలు ఇల్లు దొరుకుతుందని లెక్క వేసుకోకండి.

అద్దెలో రెండు రకాలున్నాయి. కాల్ట్‌మీటె అంటే ఉత్త అద్దె. వార్మ్‌మీటె అంటే హీటింగ్, నీళ్లు, మెయింటెనెన్స్ కలిపి. కరెంటు, ఇంటర్నెట్ చాలాసార్లు దీనిలో ఉండవు, అడిగి తెలుసుకోండి. డిపాజిట్ చట్టం ప్రకారం మూడు నెలల కాల్ట్‌మీటెకు మించకూడదు. దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది. ఇది చాలామందికి తెలియదు. చేతిలో డబ్బు లేని మొదటి నెలలో ఇది పెద్ద ఊరట.

మోసాలు: "నేను వేరే దేశంలో ఉన్నాను, డిపాజిట్ పంపితే తాళం చెవి పోస్టులో వస్తుంది" అని ఎవరన్నా అంటే ఆ మాట దగ్గరే సంభాషణ ఆపేయండి. ఇల్లు కళ్లారా చూడకుండా డబ్బు పంపకండి. మీరు ఇంకా హైదరాబాదులోనో విజయవాడలోనో ఉంటే, ఆ ఊళ్లో ఉన్న సీనియర్‌ని వెళ్లి చూసి వీడియో కాల్ చేయమని అడగండి. గంట సేపటి పని, ఎవరూ కాదనరు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. మన గ్రూపుల్లో "ఆన్‌మెల్డుంగ్ అడ్రసు ఇస్తాం, ఇన్ని యూరోలు" అని కనిపిస్తుంటుంది. మీరు ఉండని ఇంట్లో ఉంటున్నట్టు రిజిస్టర్ చేసుకోవడం చట్టవిరుద్ధం. అలా అడ్రసు ఇచ్చేవాళ్లకు 50,000 యూరోల దాకా జరిమానా వేయవచ్చని చట్టంలో ఉంది. రేపు మీ రెసిడెన్స్ పర్మిట్, ఆ తర్వాత పౌరసత్వం అన్నీ ఈ రికార్డు మీదే నడుస్తాయి. ఆ అవసరం ఎంతదైనా ఆ పని చేయకండి.

తాళం తీసుకునే రోజు ప్రతి గోడ, నేల, కిటికీ, బాత్రూమ్ ఫోటోలు తీసి, తేదీతో ఓనరుకు మెయిల్ చేయండి. ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ కోతల గొడవలో మీ వైపు మాట్లాడేవి ఆ ఫోటోలే.

3. పోస్టు డబ్బా మీద పేరు అంటించండి, ఆ రోజే

దీనికి విడిగా ఒక నంబరు ఇవ్వడానికి కారణం ఉంది. జర్మనీ అడ్రసుల్లో ఫ్లాట్ నంబరు ఉండదు. వీధి పేరు, బిల్డింగ్ నంబరు, పిన్‌కోడ్, ఊరు, అంతే. ఇరవై ఇళ్లున్న బిల్డింగ్‌లో మీ ఉత్తరం ఏ డబ్బాలో వేయాలో పోస్ట్‌మ్యాన్‌కు తెలిసేది డబ్బా మీది పేరును బట్టే. పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది.

నాకు జరిగింది ఇదే. నేను దిగిన గది డబ్బా మీద పాత అద్దెదారు పేరుంది. తర్వాత మారుద్దాంలే అనుకున్నాను. ఇన్సూరెన్స్ కార్డు వెనక్కి పోయింది. ట్యాక్స్ నంబరు ఉత్తరం కూడా పోయింది. యూనివర్సిటీలో హివీ పని (స్టూడెంట్ అసిస్టెంటు ఉద్యోగం) దొరికితే నంబరు లేకపోవడంతో మొదటి జీతంలో పన్ను ఎక్కువ పట్టుకున్నారు. డబ్బు తర్వాత వెనక్కి వచ్చింది గానీ, ఆ రెండు నెలలు అద్దెకు స్నేహితుడి దగ్గర అప్పు చేయాల్సి వచ్చింది. ఐదు నిమిషాల పనికి బద్ధకించినందుకు.

పాస్‌పోర్టులోని ఇంటిపేరు కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసి, పైన పారదర్శక టేపు వేసి డబ్బా మీద, కింద గేటు బెల్లు మీద అంటించండి. కొన్ని బిల్డింగుల్లో మేనేజ్‌మెంటు వాళ్లే నేమ్‌ప్లేటు వేస్తారు, అప్పటిదాకా కాగితమే అంటించండి. స్నేహితుడి గదిలో తాత్కాలికంగా ఉంటే అడ్రసులో మీ పేరు కింద "బై" (bei) అని రాసి అతని ఇంటిపేరు రాయండి.

సరిగ్గా ఉందో లేదో చూడటానికి తేలిక మార్గం: ఊళ్లో ఉన్న స్నేహితుణ్ణి మీ పేరు మీద ఒక పోస్టుకార్డు వేయమనండి. అది చేరితే మిగతావీ చేరతాయి.

4. ఆన్‌మెల్డుంగ్

ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు బ్యుర్గర్‌ఆమ్ట్‌లో రిజిస్టర్ చేసుకోవాలి. కొన్ని ఊళ్లలో ఆ ఆఫీసును బ్యుర్గర్‌బ్యూరో అంటారు. బెర్లిన్ లాంటి చోట్ల అపాయింట్‌మెంట్ అంత త్వరగా దొరకదు. అలాంటప్పుడు దొరికిన తేదీకి బుక్ చేసుకుని, ఆ కన్ఫర్మేషన్ మెయిల్ దాచుకోండి. మీరు ప్రయత్నించారని చూపించడానికి అది పనికొస్తుంది. ఉదయాన్నే ఆన్‌లైన్‌లో చూస్తూ ఉంటే ఎవరో రద్దు చేసుకున్న స్లాట్లు పడుతుంటాయి. ఊళ్లోని ఏ శాఖకైనా వెళ్లవచ్చు కాబట్టి మీ ఏరియా ఆఫీసు ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోకండి.

తీసుకెళ్లాల్సినవి: పాస్‌పోర్టు, నింపిన ఫారం, ఓనరు సంతకం చేసిన ఆ కాగితం. ఆ కాగితంలో ఇంట్లో చేరిన తేదీ, ఓనరు పేరు, అడ్రసు, మీ పేరు ఉన్నాయా అని ముందే చూసుకోండి. తేదీ రాయలేదని తిప్పి పంపినవాళ్లున్నారు.

ఫారంలో మతం అని ఒక గడి ఉంటుంది. మనకు అది మామూలు ప్రశ్నే అనిపిస్తుంది. ఇక్కడ దానికి పన్నుతో సంబంధం ఉంది. క్యాథలిక్ లేదా ప్రొటెస్టెంట్ అని నమోదైతే జీతం మీద కట్టే ఆదాయపు పన్నులో 8 లేదా 9 శాతం అదనంగా చర్చి పన్ను పోతుంది. హిందువులకు, ముస్లింలకు ఇది లేదు. క్రైస్తవ కుటుంబాల నుంచి వచ్చేవాళ్లు ఇంట్లో, చర్చి పెద్దలతో ముందే మాట్లాడుకుని, మీ సభ్యత్వం ఇక్కడి చర్చి లెక్కలోకి వస్తుందో లేదో తెలుసుకుని నిజం రాయండి. కౌంటర్ దగ్గర తొందరలో ఏదో ఒకటి రాసేసి తర్వాత బాధపడకండి.

పని పది నిమిషాల్లో అయిపోతుంది. చివర్లో ముద్ర వేసిన మెల్డెబెస్టేటిగుంగ్, అంటే రిజిస్ట్రేషన్ అయినట్టు కాగితం, చేతికిస్తారు. కౌంటర్ దగ్గరే నిలబడి పేరు, పుట్టిన తేదీ, అడ్రసు అక్షరం అక్షరం సరిచూడండి. తప్పుంటే అక్కడే చెప్పండి, వెంటనే దిద్దుతారు. ఇంటికొచ్చాక కనిపెడితే మళ్లీ అపాయింట్‌మెంట్. స్కాన్ చేసి ఫోనులో, మెయిల్‌లో పెట్టుకోండి. అడగని ఆఫీసంటూ ఉండదు.

5. హెల్త్ ఇన్సూరెన్స్

30 ఏళ్ల లోపు స్టూడెంట్లకు ప్రభుత్వ ఇన్సూరెన్స్ స్టూడెంట్ రేటుకు దొరుకుతుంది. టీకే, ఏఓకే, బార్మర్ లాంటివి. నెలకు సుమారు 140 నుంచి 155 యూరోలు. మూడింటిలో ఏది మంచిది అని అడుగుతారు. వైద్యం విషయంలో తేడా చాలా తక్కువ. ఇంగ్లిష్‌లో జవాబిచ్చేది ఎంచుకోండి, చాలు. వీళ్లే మీ యూనివర్సిటీకి ఆన్‌లైన్‌లో సమాచారం పంపుతారు, అది చేరితేనే ఎన్‌రోల్‌మెంట్ పూర్తవుతుంది. వీసా కోసం కొన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ దీనికి పనికిరాదు.

ఇక్కడ ఒక్క తప్పు ఏళ్ల తరబడి వెంటాడుతుంది. నెలకు 40, 50 యూరోలు మిగులుతాయని ప్రైవేటు ఇన్సూరెన్స్ తీసుకుని, ప్రభుత్వ ఇన్సూరెన్స్ నుంచి మినహాయింపు కాగితం మీద సంతకం పెడితే, ఆ చదువు పూర్తయ్యేదాకా వెనక్కి రాలేరు. తక్కువ ప్రీమియం ప్యాకేజీల్లో చాలావాటికి పాత జబ్బులు, పళ్లు, కాన్పు లాంటివి వర్తించవు. బ్లాక్డ్ అకౌంటుతో కలిపి ప్యాకేజీగా అమ్ముతున్నప్పుడు అందులో ఉన్నది ప్రభుత్వానిదా ప్రైవేటుదా అని తప్పక అడగండి. 30 దాటినవాళ్లకు స్టూడెంట్ రేటు వర్తించదు, వాళ్లు రాకముందే ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ రాసి తమ వయసుకు ఏ దారి ఉందో రాతపూర్వకంగా తెచ్చుకోవాలి.

ఒంట్లో బాగోలేకపోతే నేరుగా పెద్దాసుపత్రికి పరుగెత్తడం ఇక్కడి పద్ధతి కాదు. ముందు దగ్గర్లోని హౌస్‌ఆర్ట్స్, అంటే ఫ్యామిలీ డాక్టరు. రాత్రుళ్లు, శని ఆదివారాలు అర్జంటు కాని జబ్బుకు 116117. ప్రాణం మీదికొస్తే 112. ఈ రెండు నంబర్లూ ఫోనులో సేవ్ చేసుకున్నాకే మిగతాది చదవండి.

6. బ్యాంకు, బ్లాక్డ్ అకౌంటు యాక్టివేషన్

బ్లాక్డ్ అకౌంటు ఒకటి, గిరోకాంటో అనే మామూలు కరెంటు అకౌంటు ఒకటి. మొదటిది నెలనెలా డబ్బు విడుదల చేస్తుంది, రెండోది దాన్ని అందుకుంటుంది. ఈ తేడా తెలియక ఒకే అకౌంటు అనుకుని నెల రోజులు ఎదురుచూసినవాళ్లను చూశాను.

కొన్ని ఆన్‌లైన్ బ్యాంకులు వీడియో వెరిఫికేషన్‌లో ఇండియన్ పాస్‌పోర్టును తీసుకోవు. అప్పుడు పోస్ట్ఐడెంట్ పద్ధతి ఎంచుకుని పాస్‌పోర్టు పట్టుకుని పోస్టాఫీసుకు వెళ్తే సరిపోతుంది. లేదంటే ఊళ్లోని స్పార్‌కాస్సె బ్యాంకు శాఖకు నేరుగా వెళ్లండి. స్టూడెంట్లకు నెల చార్జీ లేని అకౌంట్లు ఉంటాయి, అడగండి. ఐబాన్ (అకౌంటు నంబరు) రాగానే దాన్ని, మెల్డెబెస్టేటిగుంగ్‌ను బ్లాక్డ్ అకౌంటు కంపెనీ యాప్‌లో అప్‌లోడ్ చేయండి. మొదటి 992 పడ్డ రోజున ఇంటికి ఫోన్ చేసి చెప్పండి. నాన్న ఆ రోజు కంటినిండా నిద్రపోతారు.

7. ఉత్తరాలు రావడం మొదలవుతుంది

రిజిస్ట్రేషన్ అయిన రెండు మూడు వారాలకు 11 అంకెల ష్టయర్-ఐడీ, అంటే ట్యాక్స్ నంబరు, వస్తుంది. జీవితాంతం అదే నంబరు. ఫోటో తీసి, ఒరిజినల్ ఫైలులో పెట్టండి. నాలుగు వారాలు దాటినా రాకపోతే మళ్లీ పంపమని ఆన్‌లైన్‌లో అడగవచ్చు. అడిగేముందు డబ్బా మీది పేరు చూసుకోండి.

తర్వాత రుండ్‌ఫుంక్‌బైట్రాగ్. ఇదే ఆ టీవీ ఫీజు ఉత్తరం. ఫ్రాడ్ కాదు. టీవీ, రేడియో లేకపోయినా కట్టాలి. నెలకు 18.36 యూరోలు, కానీ మనిషికి కాదు, ఇంటికి. నలుగురున్న ఫ్లాటులో ఒకరు కట్టి మిగతా ముగ్గురు పంచుకుంటే చాలు. మీ ఫ్లాట్‌మేట్ ఇప్పటికే కడుతుంటే అతని బైట్రాగ్ నంబరు రాసి వెనక్కి పంపండి. చెత్తబుట్టలో వేస్తే పాత బకాయిలు, పెనాల్టీ కలిపి మళ్లీ వస్తుంది.

ఏ ఉత్తరం వచ్చినా ఆ రోజే తెరవండి. భాష రాకపోతే ఫోను కెమెరాతో అనువాదం చేసుకుని, ఫ్రిస్ట్ అన్న మాట ఎక్కడుందో వెతకండి. గడువు అని దానర్థం. దాని పక్కనున్న తేదీని క్యాలెండర్‌లో పెట్టుకోండి.

8. రెసిడెన్స్ పర్మిట్

వీసా స్టిక్కర్ మీద చివరి తేదీ చూడండి. ఆ తేదీ లోపల ఔస్‌లెండర్‌బెహోర్డెలో, అంటే విదేశీయుల పర్మిట్లు చూసే ఆఫీసులో, అప్లికేషన్ పడి ఉండాలి. అపాయింట్‌మెంట్ తేదీ ఆ తర్వాత వచ్చినా కంగారు లేదు, గడువు లోపల అప్లై చేసినట్టు రుజువు ఉండాలి. నేనైతే ఆన్‌మెల్డుంగ్ అయిన వారంలోనే వేసేయమంటాను. ఆన్‌లైన్ ఫారం లేని ఊళ్లలో మెయిల్‌కు అన్ని కాగితాలూ జతచేసి పంపి, ఆ మెయిల్‌ను ప్రింట్ తీసి దాచుకోండి. ఫీజు సుమారు 100 యూరోలు. 2025 మే నుంచి కాగితం ఫోటోలకు బదులు డిజిటల్ ఫోటోనే తీసుకుంటున్నారు, కాబట్టి ఇండియాలో డజను ఫోటోలు తీయించుకుని రావక్కర్లేదు.

కార్డు రాకముందే వీసా అయిపోతే ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ అనే కాగితం ఇస్తారు. దానిలో 81వ సెక్షన్ నాలుగో పేరా దగ్గర టిక్ ఉంటేనే దేశం దాటి తిరిగి రావచ్చు. మూడో పేరా దగ్గర టిక్ ఉంటే టికెట్ బుక్ చేయకండి. సంక్రాంతికి ఇంటికి వెళ్లి తిరుగు విమానం ఎక్కలేకపోవడం కన్నా ఒక పండగ ఇక్కడ చేసుకోవడం మేలు.

కార్డు చేతికొచ్చాక పేరు, గడువు, వెనక రాసిన షరతులు చూడండి. పని గురించి ఉండేది అక్కడే. స్టూడెంట్లు ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చేయవచ్చు. సొంతంగా వ్యాపారం, ఫ్రీలాన్స్ దీనిలోకి రావు. వేరేవాళ్ల పేరు మీది అకౌంటుతో ఫుడ్ డెలివరీ చేసేవాళ్లున్నారు. పట్టుబడితే పోయేది ఒక్క ఉద్యోగమే కాదు, వీసా కూడా. 2026లో కనీస వేతనం గంటకు 13.90 యూరోలు. అంతకన్నా తక్కువకు, చేతికి నగదు ఇస్తామనేవాళ్ల దగ్గర చేరకండి.

9. ఇంట్లో, వీధిలో

ఇది చిన్న సంగతే గానీ ఓనరుతో గొడవలన్నీ ఇక్కడే పుడతాయి. చలికాలంలో కిటికీలు మూసి అన్నం వండి, గదిలోనే బట్టలు ఆరేస్తే గోడలకు నల్లగా బూజు పడుతుంది. దాని ఖర్చు డిపాజిట్‌లోంచి పోతుంది. హీటర్ కట్టేసి, రోజుకు రెండు మూడు సార్లు కిటికీ పూర్తిగా తెరిచి ఐదు పది నిమిషాలు ఉంచండి. పోపు వేసేటప్పుడు వంటగది తలుపు మూసి, కిటికీ తీయండి. హాస్టల్లో సెంట్రల్ అలారం మోగితే ఫైరింజన్ వస్తుంది, ఆ బిల్లు మీకు రావచ్చు.

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా, ఆదివారం రోజంతా చప్పుడు చేయకూడదు. వాక్యూమ్ క్లీనర్, డ్రిల్లింగ్, గట్టిగా పాటలు అన్నీ శనివారానికే. ఆదివారం షాపులు మూసి ఉంటాయి కాబట్టి సరుకులు కూడా శనివారమే. ప్లాస్టిక్ బాటిళ్లు, కూల్‌డ్రింకు క్యాన్లు పారేయకండి, షాపులోని మెషీన్‌లో వేస్తే చాలావాటికి ఒక్కోదానికి 25 సెంట్లు తిరిగొస్తాయి.

సిమ్ మొదట ప్రీపెయిడ్ తీసుకోండి. రెండేళ్ల కాంట్రాక్టులు చౌకగా కనిపిస్తాయి గానీ మధ్యలో ఆపలేరు. బస్సులు, లోకల్ రైళ్లకు మీ సెమిస్టర్ ఫీజులో టికెట్ కలిసి ఉందేమో ముందు చూడండి. లేకపోతే డాయిచ్‌లాండ్ టికెట్, 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు. వద్దనుకుంటే ఆ నెల 10వ తేదీ లోపల రద్దు చేయాలి, లేదంటే తర్వాతి నెల డబ్బు కూడా కట్ అవుతుంది. ఐసీఈ అనే దూరప్రయాణపు వేగం రైళ్లలో అది చెల్లదు.

10. ఇల్లు మారితే

మొదటి ఏడాదిలో చాలామంది ఒకసారన్నా మారతారు. మారిన ప్రతిసారీ 4వ పని మళ్లీ చేయాలి, రెండు వారాల గడువుతో సహా. ఓనరు దగ్గర కొత్త కాగితం తీసుకోండి. మారడానికి వారం ముందే పోస్టాఫీసులో నాఖ్‌జెండెఔఫ్ట్రాగ్ పెట్టండి. కొంత ఫీజు తీసుకుని, పాత అడ్రసుకు వచ్చిన ఉత్తరాలను కొత్త అడ్రసుకు మళ్లిస్తారు. ఇన్సూరెన్స్, బ్యాంకు, యూనివర్సిటీ, ఔస్‌లెండర్‌బెహోర్డె, నాలుగు చోట్లా అడ్రసు మార్చండి. పాత ఫ్లాటులో టీవీ ఫీజు మీ పేరు మీద ఉంటే రద్దు చేయించి, ఉంటున్న స్నేహితుడి పేరు మీదికి మార్పించండి. పాత డబ్బా మీది మీ పేరును నెల రోజులు అలాగే ఉంచమని అతనికి చెప్పండి. కొత్త డబ్బా మీద మాత్రం పెట్టెలు పైకి మోయకముందే అంటించండి.